ఆత్మవిశ్వాసం అద్దెకు ఇవ్వబడును

కందిపప్పు ప్రియం. గ్యాసు ప్రియం. కరివేపాకు కొసరు వేయడం కూడా మానేశారు. ఒక్క ఆత్మవిశ్వాసం మాత్రం చవగ్గా, వీధి వీధినా దొరుకుతోంది. కొత్తవలస జంక్షన్‌లో రైలు దిగి బయటికి రండి. కరెంటు స్తంభాల మీద ఫ్లెక్సీలు పలకరిస్తాయి. నలుగురిలో మాట్లాడాలంటే భయమా? మిమ్మల్ని మీరు తెలుసుకోండి! ఏడు రోజుల్లో నాయకుడైపోండి! కింద కోటూ టై వేసుకుని, చేతులు కట్టుకుని నవ్వుతున్న ఒక ఆసామి ఫొటో. మే నెలలో, విజయనగరం జిల్లాలో, కోటు! తనకు ఉక్కపోస్తోందన్న సంగతే తెలియని పెద్దమనిషి మనకు మనల్ని తెలియజేస్తాడట.

వెళ్లక చస్తామా? పిల్లకి ఇంజనీరింగ్ అయిపోయింది. ఉద్యోగం రాలేదు. విశాఖలో ఇంటర్వ్యూకి వెళ్తే కమ్యూనికేషన్ స్కిల్స్ లేవని తిప్పి పంపారు. నాలుగేళ్లు ఫీజు దండుకున్న కాలేజీకి ఆ ముక్క ఒక్కరోజూ గుర్తుకు రాలేదా అని అడక్కండి. అడిగితే నెగటివ్ థింకింగ్ అంటారు. తండ్రి మళ్లీ అప్పు చేశాడు. చదువుకి ఒక ఫీజు, నోటికి ఇంకో ఫీజు.

ఇక క్లాసు. ఫలానా హాలు అని పేరు చెప్పక్కర్లేదు, మీ ఊళ్లోనూ జరిగే ఉంటుంది. కల్యాణ మండపం. నిన్నటి పెళ్లి తాలూకు బంతిపూలు మూలకి ఊడ్చి పెట్టారు. ట్రైనరు మైకు మీద టకటక కొట్టి, ముందు వరసలో ఒక అమ్మాయిని లేపాడు. నీ గురించి నువ్వు చెప్పుకోమ్మా అన్నాడు.

"మాది కొత్తవలస దగ్గర పల్లి సార్. మా నాన జూటు మిల్లుకి ఎల్లీవోడు. మిల్లు మూసీసినారు. ఇప్పుడు ఏ పని దొరికితే ఆ పని సేత్తన్నాడు. నాకు లెక్కలు బాగా వొచ్చు. మందిలో నిలబడితే మాట రాదు."

హాలు కిసుక్కుమంది. ట్రైనరు చెయ్యెత్తి ఆపాడు. "ముందు ఆ యాస మానెయ్యాలమ్మా. రెండోది, కష్టాలు చెప్పకూడదు. మళ్లీ చెప్పు. ఇంగ్లీషులో. నవ్వుతూ."

చూశారా? ఆ పిల్ల ఆరు ముక్కల్లో తన ఊరు, తన ఇల్లు, తనకు వచ్చింది, తనకు రానిది, అన్నీ చెప్పేసింది. తన్ను తాను తెలుసుకోవడమంటే ఇంతకంటే ఏముంటుంది? ఆ హాలులో అప్పటికి స్వీయ అవగాహన ఉన్న మనిషి ఆ పిల్ల ఒక్కతే. ఆమెను కూచోబెట్టి, బట్టీ పట్టించి, మళ్లీ లేపారు. మై స్ట్రెంత్ ఈజ్ పాజిటివ్ థింకింగ్, మై వీక్‌నెస్ ఈజ్ ఐ యామ్ ఎ పర్ఫెక్షనిస్ట్ అంది. చప్పట్లు. సర్టిఫికెట్టు. వాట్సాప్‌లో ఫొటో. ఆమె తండ్రి సంగతి, మిల్లు సంగతి ఎటో పోయాయి. అవి పోవాలనే కదా ఈ తతంగమంతా!

యాస మానెయ్యాలట. ఎవరితో అంటున్నారీ మాట? పండితుల పెట్టెలో మగ్గుతున్న తెలుగు వచనాన్ని వీధిలోకి లాక్కొచ్చిన వాళ్లు ఈ నేల మీదే తిరిగారు. గురజాడ విజయనగరంలో కూచుని 'కన్యాశుల్కం' రాశాడు. 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో తిరగరాశాడు. మనుషులు ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడించాడు. గిడుగు రామమూర్తి శ్రీకాకుళం వైపు వాడు. పర్లాకిమిడిలో బడిపంతులు. సవరల పిల్లలకి సవర మాటల్లోనే చదువు చెప్పాలని కొండల వెంట తిరిగాడు. మన్యం జ్వరం తగిలింది. క్వినైను మింగీ మింగీ చెవులు పోగొట్టుకున్నాడు. ఎదుటివాడి మాట వినడానికి వెళ్లి వినికిడినే పోగొట్టుకున్న మనిషాయన. మరి నిక్షేపంలాంటి చెవులుండి, ముందు ఏసీ, వెనక డవాలా బంట్రోతు ఉండి, మన మాట ఒక్కటీ చెవిన పడని దొరలకి ఏ మందు వికటించిందో?

ఆగస్టు 29న గిడుగు జయంతి చేస్తారు. ఆహ్వాన పత్రిక చూశారా ఎప్పుడైనా? 'తామెల్లరును విచ్చేసి సభను జయప్రదము గావింప ప్రార్థన.' పాపం గిడుగు. బతికుండగా ఈ గ్రాంథికంతో పోట్లాడాడు, ఇప్పుడు దానితోనే దండ వేయించుకుంటున్నాడు. ఇక సినిమాల్లో మన మాట ఎవరి నోట పెడతారో చెప్పాలా? దొంగకి, పనివాడికి, తిక్కలోడికి. మూడు గంటలు నవ్విన జనమే మర్నాడు క్లాసులో ఆ పిల్లని చూసి నవ్వుతారు.

ఈ ట్రైనర్లని 'కన్యాశుల్కం'లో గిరీశంతో పోల్చడం మామూలు. నాకది అన్యాయమనిపిస్తుంది. గిరీశం వెంకటేశం ఒక్కడికే బోధించాడు. జీఎస్టీ కూడా వేయలేదు.

యాస పిచ్చి ట్రైనర్లతో ఆగితే బాగుండేది. సర్కారుకీ పట్టింది. 2022లో కాకినాడ జిల్లా బెండపూడి సర్కారు బడి పిల్లలు అమెరికా ఉచ్చారణతో ఇంగ్లీషు మాట్లాడారు. కష్టపడి నేర్చుకున్నారు, ముచ్చటేసింది, అందులో పిల్లల్ని అనాల్సింది ఏమీ లేదు. అనాల్సింది పెద్దల్ని. ముఖ్యమంత్రి దగ్గరికి తీసుకెళ్లారు, ఫొటోలు దిగారు, ఎదుటి పార్టీవాళ్లు ఆ పసివాళ్లనే ఎగతాళి చేశారు. ఒక్కటి అడుగుతాను. ఆ పిల్లలు ఎలా పలికారో అందరికీ గుర్తుంది. ఏం చెప్పారో ఒక్కరికైనా గుర్తుందా? మరుసటేడు జూన్‌లో బడి పిల్లలకి టోఫెల్ ఇంగ్లీషు పరీక్ష అన్నారు, అమెరికా సంస్థతో ఒప్పందం రాసుకున్నారు. సర్కారు మారింది, టోఫెల్ సర్దేశారు. పిల్లవాడు నోరు తెరిస్తే దాని మీద ఎవరి స్టిక్కరు ఉండాలన్నదే వీళ్ల తగువు.

మళ్లీ కల్యాణ మండపానికి పోదాం, అసలు వినోదం అక్కడుంది. రెండో రోజు తెర మీద ఒక గుండ్రటి బొమ్మ వేస్తారు. మనం చెప్పేదాంట్లో మాటలకి విలువ ఏడు శాతమే, గొంతుకి ముప్పై ఎనిమిది, ముఖకవళికలకి యాభై అయిదు. సైంటిఫిక్‌గా ప్రూవ్ అయింది! ఎవరు చేశారు? ఆల్బర్ట్ మెహ్రేబియన్ అనే అమెరికా ప్రొఫెసరు. 1967లో. ఏం చేశాడు? ఒక ప్రయోగంలో కొందరికి ఒకే ఒక్క ఇంగ్లీషు మాట, 'బహుశా' అనే మాట, రకరకాల గొంతులతో వినిపించాడు. రకరకాల ముఖాల ఫొటోలు చూపించాడు. ఈ మనిషికి ఎదుటివాళ్ల మీద ఇష్టమా, అయిష్టమా చెప్పండి అన్నాడు. అంతే. ఇష్టాయిష్టాల సంగతి తప్ప ఇంకదేనికీ ఈ లెక్క అంటగట్టకండి మొర్రో అని ఆ ప్రొఫెసరే మొత్తుకున్నాడు. వింటే గదా! కమ్యూనికేషన్ పాఠం చెప్పేవాళ్లే ఆ కమ్యూనికేషన్ వినలేదు. ఈసారి క్లాసులో లేచి అడగండి. మాటకి విలువ ఏడు శాతమే అయితే రెండు రోజుల్నించి ఇన్ని మాట్లాడావేం నాయనా? ఊరికే నవ్వుతూ నిలబడు. ఫీజు మాత్రం మాటల వాటా ఏడు శాతమే ఇస్తాం.

మూడో రోజు జోహారీ కిటికీ వేస్తారు. జోసెఫ్ లుఫ్ట్, హ్యారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు 1955లో గీసిన నాలుగు గళ్ల బొమ్మ. నీకూ తెలిసి, జనానికీ తెలిసింది ఒక గడి. నీకు తెలిసి జనానికి తెలియనిది ఇంకోటి. ఎవరికీ తెలియనిది మరోటి. జనమంతా ఎరిగి, నీకొక్కడికే తెలియనిది గుడ్డి గడి. బొమ్మలో తప్పేం లేదు, బంగారంలాంటి బొమ్మ. కానీ దాన్ని ఎవరి ముందు వేస్తున్నారు? ఇరవై ఏళ్ల నిరుద్యోగి ముందు! ఆ కుర్రాడి గుడ్డి గడిలో ఏముంటుంది బాబూ? మహా అయితే నోటి దుర్వాసన. ఆ బొమ్మ తగిలించాల్సింది కలెక్టరేటు మెట్ల దగ్గర. మంత్రి గారి చాంబరులో. ఎమ్మెల్యే కారు అద్దానికి.

సోమవారం ఉదయం కలెక్టరేటుకు వెళ్లండి. అర్జీల రోజు. దానికి ఎన్ని పేర్లు మార్చారో లెక్క పెట్టండి. ప్రజావాణి అన్నారు. మీకోసం అన్నారు. 2019లో స్పందన అన్నారు. 2023 మేలో జగనన్నకు చెబుదాం అని 1902 నంబరు ఇచ్చారు. ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. పేరులోనే పరిష్కారం పెట్టేశారు కనుక విడిగా చేయక్కర్లేదనుకున్నారేమో. వలస కూలీ భార్య తెల్లవారే బస్సెక్కి వస్తుంది. క్యూలో నిలబడుతుంది. తన భూమి పక్కవాడి పేరు మీదకి ఎలా ఎక్కిందో తారీఖులతో సహా గడగడా చెబుతుంది. ఏడుపు లేదు, తడబాటు లేదు. ఏ ట్రైనరు దగ్గర నేర్చుకుందండీ ఆ ధైర్యం? రశీదిస్తారు. అర్జీ పై నుంచి కిందికి దిగుతుంది. దిగి, దిగి, ఎవరి మీద ఆవిడ ఫిర్యాదు చేసిందో సరిగ్గా ఆ అధికారి బల్ల మీద వాలుతుంది. ఆయన విచారించి, తన తప్పేమీ లేదని తనకే నివేదిక రాసుకుంటాడు. తన్ను తాను తెలుసుకోవడంలో ఇంతకు మించిన పద్ధతి ఉపనిషత్తుల్లో కూడా లేదు. 'మీ సమస్య పరిష్కరించబడినది' అని ఫోనుకి సందేశం. ఆవిడ మళ్లీ సోమవారం బస్సెక్కుతుంది.

ఉద్యోగంలో ధైర్యంగా మనసులో మాట చెప్పండి అంటారు. చెబితే ఏమైంది?

2020 ఏప్రిల్, కరోనా రోజులు. నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు డాక్టరు సుధాకర్ మనసులో మాట చెప్పాడు. మాస్కులు లేవన్నాడు. ఉన్న మాస్కునే పదిహేను రోజులు వాడమంటున్నారన్నాడు. సస్పెండు చేశారు. మే 16న విశాఖ నడిరోడ్డు మీద, ఒంటి మీద చొక్కా లేకుండా, రెక్కలు వెనక్కి విరిచి కట్టారు. ఆటో ఎక్కించారు. పిచ్చాసుపత్రికి పంపారు. ఆ రోజు తాగి గొడవ చేశాడని పోలీసుల మాట. సరే. మరి ఏప్రిల్‌లో మాస్కు అడిగినందుకు చేసిన సస్పెన్షన్‌కి ఏ సీసా సాక్ష్యం? హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఏడాదికి, 2021 మేలో, ఆయన గుండె ఆగిపోయింది. ఆ ఏడాదంతా రాష్ట్రంలో ఎన్ని వ్యక్తిత్వ వికాస సదస్సులు జరిగాయో! ఒక్క సదస్సులోనైనా ఆయన పేరు ఎత్తారా?

అంగన్‌వాడీ ఆడవాళ్లు. మన పిల్లలకి 'అమ్మ, ఆవు' పలకడం నేర్పేది వాళ్లే. 2023 డిసెంబరు 12న జీతాల మాట గట్టిగా చెప్పడానికి రోడ్డెక్కారు. జనవరి మొదటి వారంలో వాళ్ల మీద ఎస్మా చట్టం. అత్యవసర సేవ అట! జీతం ఇచ్చేటప్పుడు స్వచ్ఛంద సేవ, నోరు విప్పేటప్పుడు అత్యవసర సేవ. నలభై రెండు రోజులు నిలబడ్డారు.

ఎల్జీ పాలిమర్స్ గ్యాసుకి విశాఖలో జనం నిద్రలోనే పోతే, అదే 2020 మే నెలలో గుంటూరులో అరవై దాటిన ఒకావిడ ఆ ప్రమాదం గురించి ఫేస్‌బుక్కులో కొన్ని ప్రశ్నలు పెట్టింది. సీఐడీ కేసు పెట్టింది. 2024లో కుర్చీలు తారుమారయ్యాయి. ఆ నవంబరులోనే ఇటు పోస్టులకి బదులు అటు పోస్టుల మీద కేసులు బారులు తీరాయి. వాటిలో ఆడవాళ్ల మీద పచ్చి బూతులు రాసినవాళ్లూ ఉన్నారు, వాళ్ల మీద నాకు జాలి లేదు. కానీ ఏ బూతుకి కేసు, ఏ బూతుకి పదవి అన్నది మాత్రం జెండా రంగు చూసే తేలుతోంది.

సర్కారు ఉద్యోగులకైతే 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. సర్కారు విధానాన్ని విమర్శించరాదు. మామూలు పౌరుడికి రాజ్యాంగం 19వ అధికరణంలో మాట్లాడే హక్కు ఇచ్చింది, దాని కిందే ఎక్కడెక్కడ నోరు మూసుకోవాలో కూడా రాసింది. మరి శాసనసభ్యుడికి? 194వ అధికరణం. సభలో ఏం వాగినా కోర్టులో కేసు లేదు. వాగ్ధాటికి అంత భద్రత ఇస్తే వాళ్లేం చేశారు? 2021 నవంబరులో మన సభలో ఇంట్లో ఆడవాళ్ల దాకా వెళ్లారు. ఒక మాజీ ముఖ్యమంత్రి బయటికొచ్చి విలేకరుల ముందు వెక్కి వెక్కి ఏడ్చారు. వాళ్లలో ఎవరికైనా ఆత్మవిశ్వాసం తక్కువైందంటారా? వ్యక్తీకరణలో లోపం కనబడిందా? మిమ్మల్ని మీరు తెలుసుకోండి అనే ఫ్లెక్సీ మాత్రం నిరుద్యోగి ఇంటి ముందు కడతారు.

ఇళ్లలో సంగతీ అంతే. కూతురు నలుగురిలో ధైర్యంగా మాట్లాడాలని ఫీజు కట్టిన తండ్రే, అదే కూతురు ఆ సంబంధం నాకొద్దు అంటే 'నోరు లేస్తోందే' అంటాడు. పదిమంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు వినే కమిటీ ఉండాలని 2013లో చట్టం వచ్చింది. బట్టల షాపులో రోజంతా నిలబడే అమ్మాయిని అడగండి, మీ కమిటీ ఎక్కడుందమ్మా అని. ఓనరు వైపు చూసి, తల దించుకుంటుంది. ఆ అమ్మాయికి చెప్పాల్సిన మాట తెలియక కాదు. చెబితే రేపు పని ఉండదనీ తెలుసు. దీన్ని భయం అంటారు ట్రైనర్లు. లెక్క అంటాను నేను.

కొత్తవలసకి మాట్లాడటం కొత్తేం కాదు. మాట్లాడిందల్లా గాల్లో కలుస్తోంది, అదీ గొడవ. ఇక్కడ మొదలై కిరండూల్ దాకా కొండలు తొలుచుకుంటూ పోయే లైను 1960లలో వేశారు, బైలడిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి, అక్కణ్నుంచి జపానుకి పోవడానికి. అరవయ్యేళ్లుగా ఎర్రదుమ్ము మనకి, లాభం ఎవరికో. 2019లో విశాఖకి రైల్వే జోను అన్నారు. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ కేబినెట్టు తీర్మానంలో కొత్తవలస నుంచి బచేలి దాకా లైను తీసుకెళ్లి ఒడిశాలోని రాయగడ డివిజన్లో పెట్టారు. కొత్తవలసని అడిగారా? అడిగితే చక్కటి తెలుగులో, మంచి బాడీ లాంగ్వేజ్‌తో చెప్పేవాళ్లం కదా!

చివరికి ఒక్క సంగతి, ఇది నవ్వుకోడానికి కాదు. 2023 అక్టోబరు 29, ఆదివారం సాయంత్రం. కొత్తవలస దాటాక కంటకాపల్లి, అలమండల మధ్య పలాస పాసింజరుని వెనకనుంచి రాయగడ పాసింజరు గుద్దింది. పద్నాలుగు మందికి తక్కువ కాకుండా చనిపోయారు. ఇళ్లకి పోతున్న కూలీలు, చిరుద్యోగులు ఎక్కే బళ్లవి. ఆ రోజు ఆ దారిలో సిగ్నళ్లు సరిగా పనిచేయడం లేదు. రాయగడ బండి నడిపిన లోకో పైలటూ, సహాయకుడూ కూడా పోయారు. రోజు తిరక్కుండానే ప్రాథమిక నివేదిక తప్పు వాళ్లదే అని రాసేసింది. వచ్చి జవాబు చెప్పడానికి వాళ్లు లేరు.

2024 మార్చిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఇంకో మెట్టు ఎక్కారు. ఆ రోజు లక్నోలో భారత్, ఇంగ్లండ్ ప్రపంచకప్ మ్యాచ్ జరుగుతోంది. డ్రైవర్లిద్దరూ ఆ క్రికెట్టు ధ్యాసలో పడిపోవడం వల్లే ప్రమాదం జరిగిందని చెప్పేశారు. జులై నాటికి రైల్వే భద్రతా కమిషనర్ నివేదికలోని సంగతులు పత్రికలకెక్కాయి. క్రికెట్టు చూశారనడానికి అందులో ఆధారం లేదు. చనిపోయినవాళ్ల పెళ్లాం బిడ్డలు ఆ నాలుగు నెలలూ ఊళ్లో తలెత్తుకుని ఎలా తిరిగారో ఏ మంత్రికి పట్టింది? అన్నంత గట్టిగా, అన్ని కెమెరాల ముందు, ఆ మాట వెనక్కి తీసుకోవడం మీరు విన్నారా?

మంత్రిగారి మాటలో ఒక్క 'బహుశా' లేదు. 'విచారణ జరుగుతోంది' లేదు. ట్రైనర్ల లెక్కన గొంతుకి ముప్పై ఎనిమిది, ముఖానికి యాభై అయిదు వేసుకోండి. నిజం ఉండాల్సిన చోటు మిగతా ఏడు మార్కుల్లో. అవి పోతే పోయాయి. తొంభై మూడుతో డిస్టింక్షన్.